దారి లెక్కలు: పిల్లి కూడా నడవని ఫుట్‌పాత్‌కి మార్కులెలా వేయాలి?

మున్సిపల్ ఇంజినీరుగా ముప్పయ్యొక్క ఏళ్ళు రోడ్లు వేయించి, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో అవే రోడ్ల మీద నడుస్తున్నవాడిని. పోయిన నెల ఈ శీర్షికలో ఫుట్‌పాత్‌లు, సైకిల్ ట్రాకులు ఎలా ఉండాలో రాశాను. "వేశారు సరే, పనికొచ్చాయో లేదో తేల్చేదెలా?" అని చాలామంది అడిగారు. వాటిలో కొన్ని ఉత్తరాలకి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా కాలనీ మెయిన్ రోడ్డుకి రెండువైపులా కొత్త ఫుట్‌పాత్ వేశారు. కార్పొరేటర్ గారు "జనం హాయిగా నడుస్తున్నారు" అంటున్నారు. మావారేమో "పిల్లి కూడా నడవడం లేదు, డబ్బు దండగ" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? – ఒక గృహిణి, హనుమకొండ

అమ్మా, ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: ఫుట్‌పాత్ వేయకముందు ఆ రోడ్డు మీద ఎంతమంది నడిచేవాళ్ళో ఎవరైనా రాసిపెట్టారా? రాసి ఉండరు. పథ్యం మొదలుపెట్టేముందు తూకం చూసుకోనివాడు, నెల తిరిగాక తగ్గానో లేదో అద్దంలో చూసి చెప్పాల్సిందే. వీళ్ళిద్దరూ అద్దంలోనే చూస్తున్నారు.

ఈ తప్పు మొదట చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తొంభైల్లో ఒక జిల్లా కేంద్రంలో రోడ్డు వెడల్పు చేయడానికి ట్రాఫిక్ సర్వే చేయించాను. చౌరస్తాలో వేపచెట్టు కింద స్టూలు వేసుకుని ఇద్దరు కుర్రాళ్ళు కూర్చునేవాళ్ళు. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. పదిహేను నిమిషాలకొక గడి. సాయంత్రానికి ఆ కాగితాలు నా బల్ల మీదికి వచ్చేవి. మన దేశంలో రోడ్లకి కొలతలు, నిబంధనలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వేసిన 106వ నంబరు పుస్తకం పక్కన పెట్టుకుని, ప్రతి బండినీ కారు కొలతలోకి మార్చేవాణ్ణి. దాన్నే మా భాషలో పీసీయూ అంటాం. కారు 1. బస్సు, రోడ్డు మీద దాని వాటాను బట్టి 2.2 నుంచి 3.7. సైకిలు 0.4 నుంచి 0.5. అరవైమందిని మోసే బస్సు దాదాపు నాలుగు కార్లంత "భారం" అని లెక్క రాస్తున్నప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. నడిచే మనిషికి ఎంత? ఆ పట్టికలో మనిషికి వరసే లేదు. ఫారంలో గడి లేదు కాబట్టి కుర్రాళ్ళు గీత గీయలేదు. గీత లేదు కాబట్టి నా రిపోర్టులో పాదచారులు లేరు. లేనివాళ్ళకి ఫుట్‌పాత్ ఎందుకని, ఉన్నదాన్నే రెండువైపులా కోసేసి రోడ్డు వెడల్పు చేశాం. ఆ చౌరస్తా దాటాలంటే ఇప్పుడు నా మనవడు నా చెయ్యి పట్టుకోవాలి.

ఇక మీ సంగతి. ముందు లెక్క లేకపోయినా ఒక దారి ఉంది. ఫుట్‌పాత్ మీద ఎంతమంది నడుస్తున్నారన్నది పక్కన పెట్టండి. ఫుట్‌పాత్ ఉండగా కూడా రోడ్డు అంచున నడుస్తున్నవాళ్ళెందరో లెక్కపెట్టండి. ఒక మంగళవారమో బుధవారమో సాయంత్రం రెండు గంటలు మీ గేటు దగ్గర కూర్చుంటే చాలు. పదిమందిలో ఎనిమిదిమంది పైన నడుస్తుంటే కార్పొరేటర్ గారిది నిజం. ఎనిమిదిమంది కిందే నడుస్తుంటే "జనానికి బుద్ధి లేదు" అనుకోకండి, టేపు తీసుకుని ఫుట్‌పాత్‌ని కొలవండి. రోడ్స్ కాంగ్రెస్ 103వ పుస్తకం ప్రకారం అడ్డు లేకుండా 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు ఖాళీ ఉండాలి. అంచు రాయి 150 మిల్లీమీటర్లు, అంటే జానెడుకన్నా తక్కువ ఎత్తు దాటకూడదు. మన ఊళ్ళలో మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన పాన్‌డబ్బా, ప్రతి ఇంటి గేటు దగ్గరా ర్యాంపు కోసం ఒకసారి దిగి మళ్ళీ ఎక్కడం. నూరు మీటర్లలో పదిసార్లు ఎక్కి దిగాలంటే నా మోకాలు కూడా రోడ్డే నయమంటుంది. ఎన్నిచోట్ల దిగారు, ఏ అడ్డు దగ్గర దిగారు అన్నది రాసుకోండి. రెండు గంటల్లో మీ చేతికొచ్చే ఆ కాగితాన్ని మీవారికీ కార్పొరేటర్ గారికీ చెరొక నకలు ఇవ్వండి.

ప్రశ్న: నేను ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్ దగ్గర ఉంటాను. పొద్దున ఆరింటికి చూస్తే తిరనాళ్ళు. పదకొండింటికి చూస్తే నిర్మానుష్యం. ఇది విజయమా, వైఫల్యమా? – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నార్సింగి

మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. ఎంతమంది అనేదానికన్నా ముందు ఏ వేళకి అని అడిగారు.

తెలియనివాళ్ళ కోసం: 2023 అక్టోబరు 1న తెరిచిన ట్రాక్ అది. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఒక పాయ, మొత్తం 23 కిలోమీటర్లు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన 16 మెగావాట్ల సోలార్ పలకల కప్పు. నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఒకే కప్పు కింద రెండు పంటలు: పైన కరెంటు, కింద సైకిలు. పై పంటకి మీటరు ఉంటుంది, ఎన్ని యూనిట్లో అదే చెబుతుంది. కింది పంటకీ అలాంటి మీటరే ఉండి, అది గంటగంటకీ చెప్పే అంకె జనానికి కనపడాలి.

అలాంటి మీటరు ఒకటి నేను కళ్ళారా చూశాను. మా అమ్మాయి సియాటిల్ పక్కన రెడ్మండ్‌లో ఉంటుంది. 2018లో ఆరు నెలలు అక్కడున్నాం. అమెరికా వెళ్ళిన అత్తమామలందరికీ నయాగరా చూపిస్తారు. నేను అడిగి మరీ ఫ్రీమాంట్ వంతెనకి తీసుకెళ్ళమన్నాను. పడవలు వస్తే పైకి లేచే పాత వంతెన అది. 2012 అక్టోబరులో దాని రెండు పక్కల కాలిదారుల్లోనూ నేల కింద తీగచుట్టలు పాతారు. సైకిలు పైనుంచి పోతే లోహాన్ని పసిగట్టి ఒకటి కలుపుతాయి. పక్కన నిలువెత్తు స్తంభం మీద ఈరోజు ఎన్ని, ఈ ఏడాది ఎన్ని అని అంకెలు మెరుస్తుంటాయి. సైకిలు పోయినప్పుడల్లా అంకె ఒకటి పెరుగుతుంటే నేను పది నిమిషాలు కదలకుండా నిలబడ్డాను. నేనూ ఒక అంకె పెంచుదామని ఇటునుంచి అటు నడిచాను. కదల్లేదు. మళ్ళీ నడిచాను. మా ఆవిడ నవ్వి, "నడిచేవాణ్ణి అక్కడా లెక్కపెట్టరు, ఇక్కడా లెక్కపెట్టరు, పదండి" అంది.

ఆ తీగచుట్టల లెక్క గంటలవారీగా నగరం అందరికీ ఉచితంగా ఇస్తుంది. గీత గీసి చూస్తే పనిరోజుల్లో ఒంటె వీపులా రెండు మూపురాలు కనిపిస్తాయి. పొద్దున ఎనిమిదికి ఒకటి, సాయంత్రం ఐదుకి ఒకటి. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం ఒకటే మూపురం. అంటే పనిరోజుల్లో ఆఫీసులకి పోయేవాళ్ళు, సెలవుల్లో షికారు పోయేవాళ్ళు. అక్కడి విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఒక ఖగోళ శాస్త్రవేత్త సరదాకి ఈ లెక్కని కంప్యూటర్‌కి ఇచ్చి, క్యాలెండరు చూపించకుండా రోజుల్ని రెండు గుంపులుగా విడదీయమన్నాడు. షికారు గుంపులో కొన్ని పనిరోజులు పడ్డాయి. అవేంటా అని చూస్తే పండగ సెలవులు! ఎవరూ చెప్పకుండానే అంకెలు పండగల్ని పట్టేశాయి.

మీ ట్రాక్‌కీ ఇదే పరీక్ష పెట్టండి. మంగళవారం గీతలో పొద్దున ఒక్కటే మూపురం ఉంటే అది వ్యాయామశాల. వ్యాయామశాలగా మంచిదే, నేనేమీ తీసిపారేయడం లేదు, ఎండ తగలకుండా తొక్కే చోటు ఊళ్ళో ఇంకెక్కడుంది? కానీ "కార్లు తగ్గుతాయి" అన్న పద్దు కింద దానికి మార్కులు వేయకూడదు. సాయంత్రం రెండో మూపురం లేస్తే, లంచ్‌బాక్సు కట్టుకుని పోయే సైకిళ్ళు కనిపిస్తే, అప్పుడు ఆ పద్దు కిందా వేయొచ్చు. రెండిటికీ ఒకే కొలబద్ద పెట్టి నెగ్గిందనో ఓడిందనో అంటున్నారు, గొడవంతా అందుకే.

ఇంకో రెండు మాటలు. ఈ నెలని పోయిన నెలతో పోల్చకండి, పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చండి. మనకి ఏప్రిల్ ఎండ, ఆగస్టు వాన ఉన్నాయి కదా. అలా పోల్చినా మోసపోవచ్చు. 2020లో ఫ్రీమాంట్ లెక్క దబ్బున పడిపోయింది. వంతెన చెడిపోలేదు, ఆఫీసులన్నీ ఇంట్లోకి వచ్చేశాయంతే. హైటెక్ సిటీలో వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి రమ్మంటున్నారో తెలియకుండా మీ ట్రాక్ లెక్కకి అర్థం చెప్పలేం.

రెండోది, ట్రాక్ చివర ఏముంది? స్పెయిన్‌లో సెవిల్ అనే ఊళ్ళో 2006 నుంచి కొద్దికాలంలోనే దాదాపు 80 కిలోమీటర్ల సైకిల్ ట్రాకులు, కార్ల దారి నుంచి వేరుచేసి, ఒకదాన్నొకటి కలుపుకుంటూ, ఒక్క ఊపున వేశారు. అంతకుముందు 1 శాతం కూడా లేని సైకిల్ ప్రయాణాలు కొన్నేళ్ళలో 6 శాతం దాటాయి. అదే 80 కిలోమీటర్లని ముక్కలుగా ఏడాదికి నాలుగేసి వేసి, ఒక్కో ముక్క దగ్గరా మనిషిని నిలబెట్టి లెక్కపెట్టి ఉంటే, ప్రతి ముక్కా ఫెయిలయ్యేది. మీ ఇంటి నుంచి ట్రాక్ దాకా, ట్రాక్ దిగాక ఆఫీసు గేటు దాకా ఉన్న ఆఖరి కిలోమీటరు మీద సైకిలు తొక్కి చూసి నాకు మళ్ళీ రాయండి.

ప్రశ్న: ఇన్ని గీతలు, స్టూళ్ళు ఎందుకండీ? స్ట్రావా లాంటి యాప్‌లలో ఎవరెక్కడ తొక్కుతున్నారో మ్యాపుతో సహా ఉంటుంది కదా? – ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

ఉంటుంది నాయనా. అమెరికాలో ఆరెగన్ రాష్ట్ర రవాణా శాఖ 2013లోనే 20,000 డాలర్లు పెట్టి ఆ లెక్క కొనుక్కుంది. 2020 నుంచి ఆ కంపెనీ నగరాలకి ఉచితంగానే ఇస్తోంది. ఏ సందులోంచి పోతున్నారు, ఏ కూడలి దగ్గర ఆగిపోతున్నారు అని తెలుసుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఎంతమంది అని తెలుసుకోవడానికి మాత్రం కాదు.

రేపు పొద్దున ఐదింటికి లేచి మీ వీధిలో చూడు. పేపరబ్బాయి, పాలు పోసేవాడు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్, అడ్డా మీదికి పోయే తాపీమేస్త్రి. అందరూ సైకిళ్ళ మీదే. ఒక్కడి ఫోనులో ఆ యాప్ ఉందేమో అడుగు. 2011 జనాభా లెక్కల్లో మొదటిసారి "పనికి దేని మీద పోతారు" అని అడిగారు. వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక వేరే పనులు చేసేవాళ్ళలో దేశం మొత్తం మీద దాదాపు 13 శాతం సైకిలు అన్నారు, 22 శాతానికి పైగా నడక అన్నారు. వాళ్ళు యాప్‌లో లేరు. యాప్ చూసి ట్రాక్ వేస్తే అది లక్ష రూపాయల సైకిలున్న వీధిలో పడుతుంది. యాప్ చెప్పిన అంకెని, అదే చోట మనిషి కూర్చుని లెక్కపెట్టిన అంకెతో నాలుగైదు చోట్ల పోల్చి, యాప్‌లో ఒకరుంటే రోడ్డు మీద నిజంగా ఎందరుంటున్నారో ఆ నిష్పత్తి కట్టు. పేటకొక నిష్పత్తి వస్తుంది చూడు. నీ ప్రాజెక్టు రిపోర్టుకి అదే మంచి అంశం.

ప్రశ్న: మా బజారులో బండ్లు ఆపి, నడిచేవాళ్ళకే వదులుతామంటున్నారు. కారు ఆగే చోటు లేకపోతే గిరాకీ ఎక్కణ్ణుంచి వస్తుంది? మీలాంటివాళ్ళ లెక్కలన్నీ ముందే తీర్పు రాసుకుని వేసే లెక్కలు. – ఒక బట్టల వ్యాపారి, విజయవాడ

కోపం అర్థమైంది. కొట్టు మీది, అద్దె మీది, కొట్టు మూతపడితే రిపోర్టు రాసినవాడు వచ్చి బేరం చేయడు.

అయినా ఒక సంగతి చెబుతాను, వినండి. ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఊళ్ళో ఇలాంటి పేచీయే వచ్చినప్పుడు, మీ గిరాకీలో కార్ల మీద వచ్చేవాళ్ళెందరని కొట్లవాళ్ళని అడిగారు. 41 శాతం అన్నారు. కొనడానికి వచ్చినవాళ్ళనే నిలబెట్టి అడిగితే 22 శాతం. కొట్లవాళ్ళు అబద్ధమాడలేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడికి ఎదురుగా ఆగిన కారు కనిపిస్తుంది, చీరల కవరు చంకలో పెట్టుకుని బస్సు దిగి వచ్చినావిడ ఎలా వచ్చిందో కనిపించదు. కాబట్టి మీరే ఒక పని చేయండి. వారం రోజులు, బిల్లు వేసేటప్పుడు "దేని మీద వచ్చారమ్మా?" అని అడిగి, బిల్లు పుస్తకం మీద క, బ, ఆ, న అని ఒక అక్షరం రాయించండి. కారు, బండి, ఆటో లేక బస్సు, నడక. బిల్లు మొత్తం ఎలాగూ పక్కనే ఉంటుంది. ఆషాఢం తగ్గింపుల్లో చేయకండి, శ్రావణం మొదటి శుక్రవారం ముందూ చేయకండి, మామూలు వారం ఎంచుకోండి. అప్పుడు కారువాళ్ళే ఎక్కువ కొంటున్నారని తేలితే, ఆ పుస్తకం పట్టుకుని మీరే కమిషనర్ దగ్గరికి వెళ్ళండి. మీకన్నా బలమైన సాక్ష్యం ఎవరి దగ్గరా ఉండదు.

ఇక "ముందే రాసుకున్న తీర్పు" మాట. న్యూయార్క్‌లో టైమ్స్ స్క్వేర్ కథ చెప్పుకోవాలి. 2009 మేలో మేయర్ బ్లూమ్‌బర్గ్, రవాణా కమిషనర్ జానెట్ సాదిక్‌ఖాన్ కలిసి, బ్రాడ్‌వే వీధిని అక్కడ కార్లకి మూసేశారు. మొదటిరోజు వేయడానికి బల్లలు కూడా లేక మడతకుర్చీలు తెచ్చి నడిరోడ్డు మీద పరిచారు. ట్రాఫిక్ చచ్చిపోతుందని టాక్సీలవాళ్ళు, కొట్లవాళ్ళు గోల. అయితే దాన్ని శాశ్వతమనలేదు, పరీక్ష అన్నారు. ఏం కొలుస్తారో ముందే చెప్పారు. టాక్సీలన్నిట్లోనూ అప్పటికే జీపీఎస్ ఉంది కాబట్టి, గోల చేస్తున్న టాక్సీల చేతనే సాక్ష్యం చెప్పించారు. 2010 జనవరిలో రిపోర్టు వచ్చింది. ఉత్తరం వైపు పోయే టాక్సీ ప్రయాణాలు ఆ ప్రాంతంలో 17 శాతం వేగంగా సాగాయి. దక్షిణం వైపువి 2 శాతం నెమ్మదించాయి. పాదచారులకి తగిలే గాయాలు 35 శాతం, కార్లలో ఉన్నవాళ్ళకి తగిలేవి 63 శాతం తగ్గాయి. బండ్లు పోయే దారిలోకి దిగి నడిచేవాళ్ళు 80 శాతం తగ్గారు. ఇవన్నీ చూసుకుని ఫిబ్రవరిలో శాశ్వతం చేశారు.

నాకు ఈ రిపోర్టులో 17 కన్నా ఆ 2 ఎక్కువ నచ్చింది. తమకి చేదైన అంకెని కూడా దాచకుండా అదే పట్టికలో వేశారు. మన దగ్గర రిపోర్టులో ఆ వరస ఉండేది కాదు. నేను రాసినవాటిలోనూ ఉండేది కాదు.

కెనడాలో టొరంటో నగరం 2016లో బ్లోర్ వీధిలో సైకిళ్ళకి వేరే వరస (లేన్) పెట్టినప్పుడు, అక్కడి పరిశోధకులు ఆ వీధిని ఒక్కదాన్నే చూడలేదు. వరస పెట్టని డాన్‌ఫోర్త్ వీధిని పక్కన పెట్టుకుని రెండుచోట్లా వ్యాపారాన్ని పోల్చారు. ఎందుకంటే బ్లోర్‌లో బేరం పెరిగిందనుకోండి, ఊరంతా పెరిగితే అందులో సైకిలు గొప్పేముంది? తగ్గిందనుకోండి, ఊరంతా తగ్గితే సైకిలు తప్పేముంది? సైకిళ్ళు 49 శాతం పెరిగాయి, బేరం దెబ్బతినలేదు, కార్లకి ఆ వీధి దాటే సమయం మాత్రం కొంత పెరిగింది. 2017లో నగర మండలి శాశ్వతం చేసింది. మీ బజారులోనూ అలాగే చేయమని పట్టుబట్టండి: ఆరు నెలలు పరీక్ష, పక్క బజారుతో పోలిక, మీ బిల్లు పుస్తకాలే కొలత. వద్దనడం కన్నా ఇలా షరతు పెట్టడంలో మీ చేతికి పట్టు ఎక్కువ.

పోతున్నవాళ్ళనే కాక, ఆగినవాళ్ళనీ లెక్కపెట్టమని కూడా అడగండి. కోపెన్‌హాగెన్‌లో స్ట్రోయెట్ వీధిని 1962లో నడిచేవాళ్ళకి వదిలాక, యాన్ గేల్ అనే ఆర్కిటెక్టు ఏళ్ళ తరబడి అక్కడ కూర్చున్నవాళ్ళనీ, నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళనీ లెక్కపెట్టాడు. మీ వ్యాపారానికి కావలసింది గబగబా దాటిపోయే వెయ్యిమంది కాదు కదా, షాపు ముందు ఆగే వందమంది.

ప్రశ్న: మా స్కూలు ముందు జీబ్రా క్రాసింగ్, సిగ్నలు అడిగితే "దాటేవాళ్ళు చాలినంత లేరు, నిబంధన ఒప్పుకోదు" అన్నారు. అది ఏ నిబంధన? ఎవరైనా చనిపోతేగానీ వేయరా? – ఒక ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం

మేడమ్, ఆ నిబంధన నాకు కంఠతా వచ్చు. నేనూ దాన్ని చూపించి చాలామందిని వెనక్కి పంపాను. గంటకి దాటే మనుషుల సంఖ్యని, గంటకి పోయే బండ్ల సంఖ్య వర్గంతో గుణించాలి. డివైడరు లేని రోడ్డు మీద అది 10 కోట్లు, డివైడరున్న రోడ్డు మీద 20 కోట్లు దాటితే క్రాసింగ్‌కి అర్హత. ఉదాహరణకి గంటకి 1,000 బండ్లు పోయే మామూలు రోడ్డు మీద 100 మంది దాటాలి. 1,000ని 1,000తో, ఆపైన 100తో గుణిస్తే సరిగ్గా 10 కోట్లు.

లెక్క చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ రోడ్డు ఎంత భయంకరంగా ఉంటే దాటేవాళ్ళు అంత తగ్గుతారు. పిల్లల్ని తల్లులు ఆటోలో దింపుతారు, ముసలివాళ్ళు అవతలి వైపు గుడికి పోవడం మానేస్తారు. రేవు లేని చోట నిలబడి ఎంతమంది పడవెక్కారని అడిగినట్టుంటుంది. కాబట్టి దాటినవాళ్ళ లెక్కతో పాటు, దాటలేకపోయినవాళ్ళ లెక్కా మీరు తీయండి. మీ స్కూల్లో ఎంతమంది పిల్లల ఇళ్ళు రోడ్డుకి అవతల, కిలోమీటరు లోపున్నాయి? అడ్మిషను రిజిస్టరులో చిరునామాలుంటాయి. వాళ్ళలో ఎందరు నడిచి వస్తున్నారు, ఎందరిని బండి మీద దింపుతున్నారు? ఒక పూట హాజరు వేళ చేతులెత్తించండి చాలు. దాటగలిగే దూరంలో ఉండి దాటనివాళ్ళు 150 మంది అని అర్జీలో రాస్తే, ఆ సూత్రంతో మిమ్మల్ని వెనక్కి పంపడం కష్టం.

చావులు కొలతగా పనికిరావా అంటే, దేశం స్థాయిలో పనికొస్తాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. దాదాపు ఐదుగురిలో ఒకరు. కానీ ఒక్క స్కూలు ముందు ఏడాదికి ఒకటో రెండో ప్రమాదాలు జరిగే చోట, ఆ అంకె గవ్వలాట. అష్టాచెమ్మా ఆడారుగా? నాలుగు గవ్వలూ బోర్లా పడి అష్టా వచ్చిందనుకోండి. మళ్ళీ వేస్తే చాలావరకు తగ్గుతుంది. మధ్యలో ఎవరో వచ్చి గవ్వల మీద విభూది చల్లి, "చూశావా, నా మహిమతో తగ్గింది" అంటే ఒప్పుకుంటారా? ప్రమాదాలు ఎక్కువైన ఏడాదే మేం పరుగెత్తుకెళ్ళి స్పీడు బ్రేకరు వేస్తాం. మరుసటి ఏడాది తగ్గితే చప్పట్లు. అందులో ఎంత బ్రేకరుది, ఎంత గవ్వలది అని తేల్చాలంటే కనీసం ముందు మూడేళ్ళు, తర్వాత మూడేళ్ళు చూడాలి, బ్రేకరు వేయని అలాంటి ఇంకో స్కూలునీ చూడాలి.

పిల్లల విషయంలో మూడేళ్ళు ఆగలేం కాబట్టి, ప్రమాదం కన్నా ముందొచ్చేదాన్ని కొలవాలి. అంటే వేగాన్ని. న్యూయార్క్‌లోనే బ్రూక్లిన్ వైపు ప్రాస్పెక్ట్ పార్క్ వెస్ట్ అనే వీధిలో 2010లో కార్ల వరస ఒకటి తీసి సైకిల్ ట్రాక్ వేశారు. చుట్టుపక్కలవాళ్ళు కోర్టుకెక్కారు కూడా. ట్రాక్ రాకముందు ప్రతి నాలుగు కార్లలో మూడు పరిమితి మించి పోయేవి, వచ్చాక ఐదింటిలో ఒకటి. కాలిదారి మీద తొక్కే సైకిళ్ళు 46 శాతం నుంచి 3 శాతానికి పడిపోయాయి. సైకిళ్ళ కోసం వేసినదాంట్లో లాభం పాదచారులకి కూడా తేలింది. వేగం కొలవకపోయి ఉంటే ఆ లాభం ఎవరి కంటా పడేది కాదు.

వేగం కొలవడానికి పోలీసుల స్పీడ్ గన్ అక్కర్లేదు. స్కూలు గేటుకి అటొకటి ఇటొకటి, రెండిటి మధ్య 50 మీటర్ల దూరం ఉండేలా సుద్దతో రెండు గీతలు గీయండి. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు కాంపౌండు గోడ లోపల నిలబడి, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుంటే చాలు. 50 మీటర్లు 3.6 సెకన్లలో దాటిన బండి గంటకి సరిగ్గా 50 కిలోమీటర్ల వేగంతో పోయినట్టు. అంతకన్నా తక్కువ సమయం పడితే అంతకన్నా వేగం. వంద బండ్లకి కొలిస్తే ఒక మధ్యాహ్నం గడిచిపోతుంది, పిల్లలకి భౌతికశాస్త్రం ప్రాక్టికల్ కూడా అయిపోతుంది. గోడ దాటి బయటికి మాత్రం రానివ్వకండి.

ప్రశ్న: మా అపార్టుమెంటు సంఘం తరఫున మేమే లెక్కపెడదామనుకుంటున్నాం. ఏ రోజు, ఎంతసేపు? – ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, గుంటూరు

మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి, ఇంకా ఒక శనివారం. పనిరోజు సాయంత్రం ఐదు నుంచి ఏడు, శనివారం మీ వీధి ఎప్పుడు రద్దీగా ఉంటే అప్పుడు రెండు గంటలు. పెళ్ళి ముహూర్తాలున్న రోజు వద్దు. కార్తీక సోమవారం వద్దు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు చెప్పుల్లేకుండా నడిచే నలభై రోజుల్లో చేస్తే మీ వీధి కోపెన్‌హాగెన్‌ని మించిపోతుంది, అదీ వద్దు. రోడ్డుకి అడ్డంగా ఒక గీత ఊహించుకుని, దాన్ని దాటినవాళ్ళకే గీత గీయండి. వెనక్కి తిరిగి వచ్చి మళ్ళీ దాటితే మళ్ళీ ఒకటి. ఫారంలో ఆడవాళ్ళకి, పిల్లలకి, చేతికర్రతోనో చక్రాల కుర్చీలోనో వచ్చేవాళ్ళకి వేరువేరు గడులు పెట్టండి. చీకటి పడ్డాక ఆడవాళ్ళ గడి ఖాళీ అయిందంటే ముందు ఆ వీధిలో దీపాలు చూడాలి. ఒక్కరే రెండు గంటలు కూర్చోకండి, కళ్ళు తేలిపోతాయి. గంటకొకరు మారండి, మధ్యలో పదిహేను నిమిషాలు ఇద్దరూ వేర్వేరుగా లెక్కపెట్టి పోల్చుకోండి. బ్యాంకులో పనిచేశారు కాబట్టి టాలీ చేయడం మీకు నేను చెప్పాలా!

కాగితాలు స్కాన్ చేసి దాచండి. అసలు కాగితం సంఘం బీరువాలో పెట్టండి. వచ్చే ఏడాది అదే నెల, అదే వారం, అదే గీత దగ్గర మళ్ళీ కూర్చోవాలి కాబట్టి, గీత ఎక్కడో ఏదైనా కదలని గుర్తు రాసుకోండి. "కొబ్బరిబొండాల బండి ఎదురుగా" అని రాస్తే ఏడాదికి బండి ఉండదు.